పుట్టుకే పట్టా అయిన చోట

1994 జనవరి ఆఖరి రోజు. ఉత్తర ఘనాలోని నక్పయిలి ఊళ్లో సంత జరుగుతోంది. ఒక గిన్నీకోడి ధర దగ్గర కొంకొంబా తెగ మనిషికీ, నానుంబా తెగ మనిషికీ మాటామాటా పెరిగింది. బేరం కుదరకపోతే ఎవరి దారిన వాళ్లు పోవాల్సిన గొడవ. అది కొట్లాటయింది, ఊళ్లు దాటింది. కొద్ది వారాల్లోనే వందలాది పల్లెలు బూడిదయ్యాయి. కనీసం 2 వేల మంది చనిపోయారని అంచనా. లక్ష మందికి పైగా ఇల్లూ పొలమూ వదిలి పారిపోయారు. పత్రికలు దానికి గిన్నీకోడి యుద్ధమని పేరు పెట్టాయి.

ఆ పేరు బయటి ప్రపంచపు తెలిసీ తెలియని ఒక నమ్మకాన్ని మరింత బలపరిచింది. ఆఫ్రికాలో తెగలు కోడి కోసమైనా కత్తులు దూస్తాయని, పగలు వాళ్ల రక్తంలోనే ఉన్నాయని చాలామంది అనుకున్నారు. వాస్తవానికి ఆ సంత గొడవ వెనక పదిహేనేళ్లుగా నలుగుతున్న భూమి వివాదం ఉంది.

కొంకొంబాలు పెండలం పండించడంలో ఆరితేరిన రైతులు. రాజధాని అక్రాలో పేరుమోసిన పెండలం మార్కెట్‌కు వాళ్ల పేరే ఉంది. అయితే వాళ్లకు పెద్ద రాజులు లేరు. ఏ ఊరి పెద్దలు ఆ ఊరి మంచిచెడ్డలు చూసుకునేవాళ్లు. రాజుల ద్వారా పాలన సాగించిన బ్రిటిష్ అధికారులు వాళ్లను దగోంబా, నానుంబా రాజుల కిందకు చేర్చారు. వలస పాలన కాలంలోనూ, స్వాతంత్ర్యం వచ్చిన మొదటి రెండు దశాబ్దాల్లోనూ ఉత్తర ప్రాంత భూములు ప్రభుత్వ అధీనంలో ఉండేవి. 1979 రాజ్యాంగం వాటిని సంప్రదాయ రాజపీఠాలకు అప్పగించింది. అంటే రాజు ఉన్న తెగకు భూమి దక్కింది. రాజు లేని తెగ తాను దున్నుతున్న నేల మీదే పరాయిదైపోయింది. రెండేళ్లు తిరక్కముందే, 1981లో, కొంకొంబాలకూ నానుంబాలకూ తొలి యుద్ధం జరిగింది. తమకూ ఒక రాజపీఠం కావాలని కొంకొంబాలు 1993లో అర్జీ పెట్టుకున్నారు. దానికి పాత రాజ్యాలు ఒప్పుకోలేదు. మరుసటి ఏడాది సంతలో బేరం బెడిసేనాటికి రెండు వైపులా మనుషులు సిద్ధంగా ఉన్నారు.

ఘనాలో జరిగింది ఒక్క ఘనా కథే కాదు. కెన్యా రిఫ్ట్ లోయ, ఐవరీ కోస్ట్ కోకో అడవులు, సూడాన్ పశ్చిమాన దార్‌ఫుర్, నైజీరియా మధ్య మండలం, తూర్పు కాంగోలోని మసీసి కొండలు... పొరుగు తెగల మధ్య నెత్తురు పారిన ఈ చోట్లన్నిటా తవ్వితే బయటపడేది ఒకటే. భూమి మీద హక్కు ఎవరిదో తేల్చడానికి రాజ్యం తెగను కొలబద్దగా పెట్టింది. ముందు వచ్చిందెవరు, తర్వాత వచ్చిందెవరు అన్న లెక్కను చట్టంగా మార్చింది. పాలకులు తమ అవసరం కొద్దీ ఒక కాలంలో ఒకరికీ, మరో కాలంలో మరొకరికీ భూములు పంచారు. పాత పంపకాన్ని రద్దు చేయకుండానే కొత్త పంపకం మొదలుపెట్టారు. ఒకే చెక్క మీద ఇద్దరికి న్యాయమైన హక్కు ఏర్పడింది. ఆ ఇద్దరూ రెండు వేర్వేరు తెగలవాళ్లయినప్పుడు భూమి తగాదా తెగల యుద్ధంగా కనిపిస్తుంది.

రిఫ్ట్ లోయలో రెండు అన్యాయాలు

దీన్ని అర్థం చేసుకోవడానికి కెన్యాను మించిన ఉదాహరణ లేదు. 1895లో బ్రిటన్ ఆ ప్రాంతాన్ని తన రక్షణలోకి తీసుకున్నట్టు ప్రకటించింది. మొంబాసా రేవు నుంచి విక్టోరియా సరస్సు దాకా రైలు మార్గం వేసింది. భారతదేశం నుంచి తీసుకెళ్లిన 30 వేల మందికి పైగా కూలీలు ఆ పని చేశారు. 1901లో రైలు సరస్సు ఒడ్డుకు చేరింది. పెట్టిన ఖర్చు రాబట్టుకోవాలంటే రైలు దారి పొడవునా పంటలు పండాలి. అందుకు తెల్ల రైతులను పిలిచారు. 1902 చట్టం వాళ్లకు 99 ఏళ్ల లీజులిచ్చింది. 1915 చట్టం దాన్ని 999 ఏళ్లకు పెంచింది.

ఆ నేల ఖాళీగా లేదు. మాసాయి పశుపోషకులను 1904 ఒప్పందంతో రిఫ్ట్ లోయ నడిబొడ్డు నుంచి కదిలించారు. మాసాయి జాతి ఉన్నంతకాలం ఆ ఏర్పాటు చెల్లుతుందని ఒప్పందంలో రాసుకున్నారు. ఏడేళ్లకే, 1911లో, లైకిపియా పీఠభూమి నుంచి మళ్లీ తరలించారు. మాసాయిలు కోర్టుకెక్కితే, అది ఒక రాజ్యానికీ మరో రాజ్యానికీ మధ్య జరిగిన ఒప్పందం కాబట్టి విచారించే అధికారం తమకు లేదని 1913లో న్యాయమూర్తులు కేసు కొట్టేశారు. పదేళ్లు ఎదురు తిరిగిన నాండి తెగ నాయకుడు కోయిటాలెల్ అరప్ సమోయ్‌ను 1905 అక్టోబరులో మాటలకని పిలిచి కాల్చి చంపారు. కెరిచో ప్రాంతంలోని కిప్సిగిస్‌ల భూములు తేయాకు తోటలయ్యాయి. 1934లో కిప్సిగిస్‌లలోని తలై వంశీకులను మొత్తంగా విక్టోరియా సరస్సు దగ్గరి గ్వాసీకి ప్రవాసం పంపారు. నాండి, కిప్సిగిస్ వంటి తెగలన్నిటినీ కలిపి ఇప్పుడు కలెంజిన్లు అంటున్నారు.

ఇది మొదటి అన్యాయం. రెండోది కిక్యుయు అనే తెగకు జరిగింది. నైరోబీ చుట్టుపక్కల, కియంబు ప్రాంతంలో వాళ్ల భూములూ తెల్లవాళ్ల పాలయ్యాయి. బతుకుదెరువు కోసం వేల కిక్యుయు కుటుంబాలు రిఫ్ట్ లోయ ఎస్టేట్లకు వలసపోయాయి. ఏడాదిలో ఇన్ని రోజులు దొర పొలంలో పనిచేస్తే, ఓ చెక్క సాగు చేసుకోవచ్చు, నాలుగు పశువులు మేపుకోవచ్చు. వాళ్ల పిల్లలు అక్కడే పుట్టారు. ఆ పిల్లల పిల్లలకు కియంబు ఊళ్లు పేరుకే తెలుసు. 1950ల్లో బ్రిటిష్ పాలన మీద చెలరేగిన మౌమౌ తిరుగుబాటుకు ఈ భూమిలేని కిక్యుయుల కసే బలమయింది.

వలస ప్రభుత్వం మరో పని కూడా చేసింది. తెగకో రిజర్వు చొప్పున గీతలు గీసింది. ఫలానా తెగవాడు ఫలానా రిజర్వులోనే హక్కుదారుడు, మిగతా చోట్ల కూలీ. అంతకుముందు తెగల మధ్య ఇచ్చిపుచ్చుకోవడాలు, వియ్యాలు, కలిసి పశువులు మేపుకోవడాలు ఉండేవి. పేరు మార్చుకుని మరో తెగలో కలిసిపోయినవాళ్లూ ఉన్నారు. ఆ సడలింపు రిజర్వుల హద్దులతో పోయింది.

1963 డిసెంబరు 12న స్వాతంత్ర్యం వచ్చింది. వెళ్లిపోయే తెల్ల రైతుల భూములు ఎవరికి చెందాలి? పోగొట్టుకున్నవాళ్లకు తిరిగి ఇవ్వడం ఒక దారి. దున్నుతున్నవాళ్లకు ఇవ్వడం మరో దారి. జొమో కెన్యాట్టా ప్రభుత్వం మూడో దారి పట్టింది. అమ్మేవాడు ఇష్టపడి అమ్మాలి, కొనేవాడు ఇష్టపడి కొనాలి. బ్రిటన్, ప్రపంచ బ్యాంకు ఇచ్చిన అప్పులతో పది లక్షల ఎకరాల పథకం నడిచింది. సుమారు 35 వేల కుటుంబాలకు భూమి దొరికింది. డబ్బున్నవాళ్లు, పలుకుబడి ఉన్నవాళ్లు పెద్ద ఎస్టేట్లు చేజిక్కించుకున్నారు. మిగిలినవాళ్లు తలా కొంచెం చందా వేసుకుని భూముల కంపెనీలు, సహకార సంఘాలు పెట్టుకుని కొన్నారు. దేశాధ్యక్షుడు కిక్యుయు. నగదు వ్యవసాయంలో, చిన్న వ్యాపారాల్లో ముందున్న కిక్యుయులకు ఈ దారి కలిసొచ్చింది. రిఫ్ట్ లోయలో వాళ్ల ఊళ్లు వెలిశాయి.

కలెంజిన్లు చూస్తుండగానే ఇదంతా జరిగింది. తాతల కాలంలో దొర లాక్కున్న నేలను దొర ఇప్పుడు మరొకరికి అమ్ముకుని డబ్బు జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. 1969లో నాండి ప్రాంత పార్లమెంటు సభ్యుడు జాన్ మారీ సెరోనీ, నాండి భూములు నాండీలవేనంటూ నాండి హిల్స్ ప్రకటన వెలువరించాడు. ఆ ఆగ్రహంలో న్యాయం ఉంది. కూలి డబ్బులు కూడబెట్టి, అప్పు చేసి రెండెకరాలు కొనుక్కున్న కిక్యుయు రైతు చేతిలోని రసీదులోనూ న్యాయం ఉంది. ఇద్దరినీ దోచుకున్నది ఒకరే. లెక్క తేల్చకుండా ఆ దోపిడీదారును సాగనంపిన కొత్త రాజ్యం బాధితులిద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టింది.

ఎన్నికల వేళకే రాజుకునే నిప్పు

1963 నుంచి 1991 దాకా రిఫ్ట్ లోయలో అసంతృప్తి ఉంది కానీ, ఊచకోతలు లేవు. తెగల పగలే కారణమైతే అవి ఇంతకాలం ఆగేవి కావు. 1991లో మారిందేమిటంటే రాజకీయం. కలెంజిన్ వర్గానికి చెందిన అధ్యక్షుడు డేనియల్ అరప్ మోయి మీద బహుళ పార్టీ ఎన్నికలు పెట్టాలన్న ఒత్తిడి పెరిగింది. రిఫ్ట్ లోయలో స్థిరపడ్డ కిక్యుయు, లువో, లుహ్యా కుటుంబాలు ప్రతిపక్షానికి ఓటేస్తాయన్నది అందరికీ తెలుసు. ఆ ఏడాది సెప్టెంబరులో కప్సబెట్, కప్కటెట్ ఊళ్లలో అధికార పార్టీ నాయకులు సభలు పెట్టారు. తెగలవారీ ప్రాంతీయ పాలన కావాలన్నారు. బయటివాళ్లు తమ సొంత ప్రాంతాలకు పోవాలన్నారు.

నెల తిరిగింది. నాండి జిల్లా టిండెరెట్‌లో మిటెయిటెయ్ అనే ఫారం ఉంది. అనేక తెగల మనుషులు కలిసి కొన్న పాత ఎస్టేటు అది. ఎవరి వాటా ఎంత, పట్టాలు ఎవరి పేరున రావాలి అన్నదాని మీద చాలాకాలంగా తగువుంది. మన దగ్గర ఉమ్మడి ఖాతాలో కొన్న భూమికి సర్వే జరగక, పాస్‌బుక్కులు రాక అన్నదమ్ములు తిట్టుకునే తరహా తగువే. 1991 అక్టోబరు 29న అక్కడ నాండీలకూ, లువో తదితర తెగల సభ్యులకూ ఘర్షణ మొదలైంది. బయటి తెగల ఇళ్లు తగలబెట్టారు. వారాల్లో అది చుట్టుపక్కల జిల్లాలకు పాకింది. మోలో, ఓలెంగురువోనే, బర్న్ట్ ఫారెస్ట్ పేర్లు పత్రికలకెక్కాయి. 1993 అక్టోబరులో ఎనూసుపుకియా కొండల నుంచి కిక్యుయు కుటుంబాలను వెళ్లగొట్టారు. ఆ ఏడాది వచ్చిన హ్యూమన్ రైట్స్ వాచ్ నివేదిక ప్రకారం 1,500 మంది చనిపోయారు, 3 లక్షల మంది నిరాశ్రయులయ్యారు. జస్టిస్ అకివుమి కమిషన్ 1998లో విచారణ మొదలుపెట్టి ఇచ్చిన నివేదికను ప్రభుత్వం 2002 దాకా బయటపెట్టలేదు. నాయకుల ప్రేరణ, అధికారుల చేతకానితనం అందులో నమోదయ్యాయి.

2007 డిసెంబరు ఎన్నికల ఫలితం మీద వివాదం రేగగానే పాత దారిలోనే మంటలు లేచాయి. ఎల్డొరెట్ దగ్గర కియంబా అనే చోట ప్రార్థనా మందిరంలో తలదాచుకున్న కిక్యుయు కుటుంబాలను 2008 జనవరి 1న మూక చుట్టుముట్టి నిప్పు పెట్టింది. మహిళలు, పిల్లలు సజీవ దహనమయ్యారు. నకురు, నైవాషాల్లో కిక్యుయు ముఠాలు లువోల మీద, కలెంజిన్ల మీద పడ్డాయి. రెండు నెలల్లో 1,133 మంది చనిపోయారని జస్టిస్ వాకి కమిషన్ లెక్క తేల్చింది. 6 లక్షలకు పైగా జనం ఊళ్లు విడిచారు.

ఆ తర్వాత జరిగింది మరింత ఆలోచించదగ్గది. 2013 ఎన్నికల్లో కిక్యుయు నాయకుడు ఉహురు కెన్యాట్టా, కలెంజిన్ నాయకుడు విలియం రూటో చేతులు కలిపారు. అప్పటికి ఇద్దరి మీదా 2008 హింస విషయంలో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు కేసులున్నాయి. తర్వాత అవి నిలవలేదు. ఎన్నికల్లో ఇద్దరూ గెలిచారు. రిఫ్ట్ లోయ ప్రశాంతంగా ఉంది. 2017లోనూ, 2022లోనూ ఆ రెండు వర్గాల మధ్య పెద్ద హింస లేదు. భూములు అవే, హద్దులు అవే, పట్టా లేని చెక్కలూ అవే. పైన నాయకులు ఒక్కటైతే కింద కొడవళ్లు దాచేశారు. నాయకులు విడిపోతే? ఆ ప్రశ్న ప్రతి ఎన్నికలోనూ రిఫ్ట్ లోయ జనాన్ని వెంటాడుతోంది.

ఒకే తెగలోనూ అంతే

ఇదంతా తెగల పగేనని ఇంకా అనుకునేవాళ్లు కెన్యా పశ్చిమ సరిహద్దులోని ఎల్గన్ కొండ దగ్గరికి వెళ్లి చూడాలి. అక్కడున్నది సాబవోట్ అనే ఒకే సముదాయం. కొండ దిగువన సోయ్ శాఖ, ఎగువన మోసోప్ శాఖ. 1968లో కొండ మీది చెప్కిటాలే ప్రాంతాన్ని వన్యప్రాణుల రిజర్వుగా ప్రకటించారు. అక్కడ బతుకుతున్న మోసోప్ కుటుంబాలను దింపి, 1971లో దిగువన చెబ్యుక్ అనే చోట పునరావాసం మొదలుపెట్టారు. అప్పటికే అక్కడ సోయ్ కుటుంబాలు సాగు చేసుకుంటున్నాయి. జాబితాలు తయారయ్యాయి, చెరిపేశారు, మళ్లీ రాశారు. పథకం మొదటి విడత, రెండో విడత దాటి మూడో విడతకు వచ్చేసరికి మూడు దశాబ్దాలకు పైగా గడిచాయి. చివరికి కుటుంబానికి రెండున్నర ఎకరాల చొప్పున రెండు శాఖలకూ సమానంగా పంచాలని నిర్ణయించారు. ప్లాట్లు కొన్ని, అర్జీలు వేలు. ఎప్పటినుంచో ఎక్కువ దున్నుకుంటున్న సోయ్ కుటుంబాల చేతిలోంచి భూమి జారిపోయింది. 2006లో సాబవోట్ భూ రక్షణ దళం పేరుతో యువకులు తుపాకులు పట్టారు. పన్నులు వసూలు చేశారు, ఎదురు తిరిగినవాళ్ల చెవులు కోశారు. 600 మందికి పైగా చనిపోయారు. 2008 మార్చిలో సైన్యం దిగింది. అది జరిపిన నిర్బంధాలు, చిత్రహింసల మీదా మానవ హక్కుల సంస్థలు నివేదికలిచ్చాయి.

ఇక్కడ రెండు తెగలు లేవు, రెండు భాషలు లేవు. ఒకే నేలను ప్రభుత్వం ఇద్దరికి మాటిచ్చింది, అంతే.

కోకో తోటల్లో అతిథి, ఆసామీ

ప్రపంచంలోకెల్లా ఎక్కువ కోకో పండించే దేశం ఐవరీ కోస్ట్. ఆ స్థాయికి చేరడానికి అడవి నరికి తోటలు వేసే చేతులు కావాలి. దున్ని పంట తీసినవాడిదే భూమి అని తొలి అధ్యక్షుడు ఫెలిక్స్ హూఫ్వె బోయినీ 1963 నుంచి చెబుతూ వచ్చాడు. దాన్ని నమ్మి దేశం మధ్య నుంచి బావులే రైతులు, ఎండిన ఉత్తరాన ఉన్న బుర్కినా ఫాసో, మాలీల నుంచి లక్షల మంది పశ్చిమ అడవులకు వలస వచ్చారు. అక్కడి బేటే, గెరె, క్రూమెన్ కుటుంబాలు వాళ్లకు భూమి ఇచ్చాయి. అమ్మలేదు, ఊరికే ఇవ్వలేదు. స్థానిక కుటుంబ పెద్ద వలస రైతుకు ఆసామీలాంటివాడు. వచ్చినవాడు పంట చేతికొచ్చాక ఏదో ఒకటి కానుకగా తెస్తాడు, ఆసామీ ఇంట చావొస్తే ఖర్చు భరిస్తాడు. ఆ కృతజ్ఞతకు గడువు లేదు, కాగితమూ లేదు.

ధర ఉన్నంతకాలం ఎవరికీ ఇబ్బంది రాలేదు. 1980ల చివర కోకో ధర కుప్పకూలింది. 1994 జనవరిలో కరెన్సీ విలువ సగానికి కోసేశారు. అబిజాన్‌లో ఉద్యోగాలు పోయాయి. చదువుకున్న స్థానిక యువకులు ఊళ్లకు తిరిగొచ్చారు. చూస్తే తండ్రుల భూమి అంతా ఎవరెవరి తోటలో అయి ఉంది. తండ్రి ఇచ్చింది శాశ్వతమా, తాత్కాలికమా? ఆసామీ చనిపోయాక కొడుకులు కొత్త షరతులు పెట్టడం మొదలైంది.

సరిగ్గా అప్పుడే పాలకులు అసలైన ఐవరీ కోస్ట్ వాసి ఎవరన్న చర్చ లేవదీశారు. 1998 జనాభా లెక్కల్లో దేశంలో ఉన్నవాళ్లలో 26 శాతం విదేశీయులని తేలింది. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన గ్రామీణ భూమి చట్టం, ఆ దేశ పౌరులు తప్ప మరొకరు గ్రామీణ భూమికి యజమానులు కాలేరని చెప్పింది. మూడు దశాబ్దాలుగా తోట పెంచినవాడి పరిస్థితి ఒక్క సంతకంతో తలకిందులయింది. 1999 నవంబరులో టాబూ ప్రాంతంలో ఒక పొలం గొడవతో మొదలై వేల మంది బుర్కినా రైతులను క్రూమెన్లు తరిమేశారు. 2002లో అంతర్యుద్ధంతో దేశం రెండుగా చీలింది. 2010 ఎన్నికల అనంతర పోరులో 3 వేల మంది చనిపోయారు. 2011 మార్చిలో పశ్చిమాన కోకో పట్టణం దుయెకుయెలో ఒక్కసారిగా కనీసం 800 మంది హతులయ్యారని రెడ్ క్రాస్ చెప్పింది. పైకి అది ఇద్దరు అధ్యక్ష అభ్యర్థుల యుద్ధం. పశ్చిమ ప్రాంతపు ఊళ్లలో మాత్రం ఎవరి తోట ఎవరికన్న యుద్ధం.

సొంత దేశం లేని సంచారులు

దార్‌ఫుర్ యుద్ధాన్ని అరబ్బులకూ, నల్లవాళ్లకూ మధ్య జరిగిన జాతి పోరుగా ప్రపంచం చూసింది. అక్కడి భూమి చరిత్ర వేరే చెబుతుంది. పాత ఫుర్ సుల్తానులు రాజముద్ర వేసిన పత్రాలతో హకూరాలనే భూదానాలు ఇచ్చేవారు. 1916లో సుల్తాన్ అలీ దినార్‌ను చంపి ప్రాంతాన్ని ఆక్రమించిన బ్రిటిష్ పాలకులు దాన్ని బిగించి, పెద్ద తెగలకు తలా ఒక దార్ అంటే సొంత సీమ నిర్ణయించారు. దక్షిణాన ఆవులు మేపే బగ్గారా అరబ్బులకు దార్లు దొరికాయి. ఉత్తరాన ఒంటెలతో తిరిగే రిజేగాత్ అరబ్బులకు దొరకలేదు. ఏడాదికి ఒకసారి తమ దారిన వచ్చి పోయేవాళ్లకు సొంత సీమ ఎందుకని అప్పట్లో అనుకున్నారు.

1984-85 కరవు ఆ లెక్కను తప్పించింది. ఎడారి అంచున మేత పోయింది. ఒంటెల కాపరులు దక్షిణానికి వచ్చి అక్కడే ఉండిపోవాల్సి వచ్చింది. ఫుర్, మసాలిత్ రైతులు కోత తర్వాత పశువులకు వదిలే దారులకు కంచెలు వేసుకున్నారు. ఈ వివాదాలు తీర్చే పెద్దల వ్యవస్థ అప్పటికే లేదు. రిజిస్టరు కాని భూమంతా ప్రభుత్వానిదేనని 1970లో చట్టం వచ్చింది. మరుసటి ఏడాదే తెగ పెద్దల పాలనను రద్దు చేశారు. 1990ల మధ్యలో పశ్చిమ దార్‌ఫుర్‌లో మసాలిత్ సుల్తాన్ ప్రాంతాన్ని చీల్చి అరబ్ నాయకులకు కొత్త ఎమిరేట్లు కట్టబెట్టారు. 2003లో తిరుగుబాటు మొదలయ్యాక ప్రభుత్వం కాపరులకు ఆయుధాలిచ్చి జంజావీద్ అనే సాయుధ మూకలను తయారుచేసింది. అందులో చేరిందెక్కువగా దార్ లేని ఉత్తరాది వాళ్లు. దార్ ఉన్న దక్షిణ రిజేగాత్ తెగ నాయకత్వం చాలావరకు దూరంగా ఉంది. భాష ఒకటే, మతం ఒకటే, తెగ పేరూ ఒకటే. తేడా అంతా సొంత నేల ఉండటం, లేకపోవడం. ఆ యుద్ధంలో, దాంతో పాటు వచ్చిన ఆకలి, రోగాలతో 3 లక్షల మంది చనిపోయారని ఐక్యరాజ్యసమితి అంచనా. 2023లో ఎల్ జెనీనా పట్టణంలో మసాలిత్‌ల మీద మళ్లీ అదే ఊచకోత జరిగింది. ఆ ఒక్క పట్టణంలోనే 10 నుంచి 15 వేల మంది చనిపోయి ఉంటారని ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం నివేదించింది.

నైజీరియా మధ్య మండలంలోని ప్లేటో రాష్ట్రంలో హక్కును ఒక కాగితం నిర్ణయిస్తుంది. స్థానిక ప్రభుత్వం ఇచ్చే స్థానికత ధ్రువపత్రం ఉంటేనే ప్రభుత్వ కొలువుకు, కాలేజీ సీటుకు, స్కాలర్‌షిప్‌కు దారి సులువవుతుంది. జోస్ నగరంలో మూడు తరాల క్రితం తగరం గనుల కోసం వచ్చి స్థిరపడిన హౌసాలకు ఆ కాగితం దొరకడం గగనం. బేరోం, అఫిజెరె, అనగూటా తెగలు మాత్రం అది తమ తాతల నేలంటాయి. 2001 సెప్టెంబరులో జోస్‌లో వెయ్యి మంది దాకా చనిపోయారు. 2008లోనూ, 2010లోనూ మళ్లీ హింస చెలరేగింది. రెండు వైపుల మతాలు వేరు కావడంతో బయటి ప్రపంచం దాన్ని మత కలహమంది.

కరవు, జనాభా ఎంతవరకు కారణం?

జనం పెరిగి భూమి చాలకపోవడమే అసలు కారణమని వాదించేవాళ్లున్నారు. అందులో కొంత నిజముంది. కెన్యా జనాభా 1962లో 86 లక్షలు, 2019లో 4 కోట్ల 76 లక్షలు. దేశ విస్తీర్ణంలో వర్షాధార సాగుకు బాగా అనువైనది ఐదో వంతు కూడా లేదు. సహారా దక్షిణపు అంచున వానలు నమ్మకంగా పడటం లేదు. పశువుల మందలు మునుపటికంటే ముందుగా దక్షిణానికి దిగుతున్నాయి, కోతలు పూర్తికాని చేలల్లో పడుతున్నాయి. ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ లెక్క ప్రకారం నైజీరియాలో రైతులు, కాపరుల ఘర్షణల్లో 2016 జనవరి నుంచి 2018 అక్టోబరు దాకా 3,641 మంది చనిపోయారు.

అయితే ఒత్తిడి ఒకేలా ఉన్న చోట్ల ఫలితం ఒకేలా లేదు. టాంజానియాలో 120కి పైగా తెగలున్నాయి. భూమంతా రాజ్యానిదని, సాగు హక్కు గ్రామం ద్వారా వస్తుందని, తెగ ప్రస్తావనే లేదని జూలియస్ న్యెరెరే ప్రభుత్వం స్థిరపరిచింది. అక్కడ గొడవలు లేవని కాదు. 2000 డిసెంబరులో కిలోసా జిల్లాలో పశుపోషకుల దాడిలో 38 మంది రైతులు చనిపోయారు. లోలియోండో, న్గోరోంగోరోల్లో వన్యప్రాణుల పేరిట మాసాయిలను ప్రభుత్వమే కదిలిస్తోంది. అయినా ఫలానా జిల్లా ఫలానా తెగది, మిగతావాళ్లు పోవాలన్న నినాదంతో అక్కడ ఎన్నికలు నడవలేదు. భూమిని ఎవరు పంచుతారు, ఏ లెక్కన పంచుతారు అన్నదాన్ని బట్టే ఘర్షణ రూపం ఉంటుందని రాజనీతి శాస్త్రవేత్త కేథరిన్ బూన్ 2014లో అనేక ఆఫ్రికా దేశాలను పోల్చి రాసిన పుస్తకంలో వాదించారు. రాజు పంచే చోట తగువు చాలావరకు ఆ ప్రాంతం దాటదు. అధ్యక్షుడు పంచే చోట తగువు ఎన్నికలకెక్కుతుంది. ఆమె వాదనకు కెన్యా, ఐవరీ కోస్ట్ రెండూ సాక్ష్యాలే.

పరిహారం ఎవరు చెల్లించాలి?

పాత అన్యాయాన్ని సరిదిద్దడమంటే ఇప్పుడున్నవాడిని ఖాళీ చేయించడమే అన్న ఆలోచన ఈ ఘర్షణలన్నిటికీ ఇంధనం. కలెంజిన్ కుటుంబం పోగొట్టుకున్నది నిజం. దానికి బాధ్యులు ఆ నేల లాక్కున్న వలస ప్రభుత్వం, లెక్క తేల్చని స్వతంత్ర ప్రభుత్వం. ఆ బాకీ కిక్యుయు రైతు ఇంటి కప్పు కాల్చి వసూలు చేయడం ఘోరం. తలై, కిప్సిగిస్ ప్రతినిధులు తేయాకు భూముల విషయంలో బ్రిటన్ మీద ఐక్యరాజ్యసమితికీ, 2022లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టుకూ వెళ్లారు. వేలు చూపించాల్సిన దిక్కు అది.

స్థానికంగా దొరికిన పరిష్కారాలూ ఉన్నాయి. కెన్యా ఈశాన్యంలోని వాజీర్‌లో 1990ల మొదట్లో సోమాలీ వంశాలు మేత, నీటి దగ్గర చంపుకుంటుంటే, 1993లో కొందరు మహిళలు సంత నుంచి పని మొదలుపెట్టారు. ఏ వంశపు ఆడమనిషైనా ఏ వంశం దుకాణంలోనైనా కొనాలి, అమ్మాలి అని నియమం పెట్టి, రోజూ కాపలా ఉండి అమలు చేశారు. ఆ బృందంలోని దేఖా ఇబ్రహీం అబ్దీ తర్వాత వంశ పెద్దలను, యువకులను, అధికారులను ఒక్కచోట కూర్చోబెట్టే శాంతి కమిటీని నడిపారు. 2007లో ఆమెకు రైట్ లైవ్లీహుడ్ పురస్కారం వచ్చింది. నైజర్ 1993 నాటి గ్రామీణ చట్టంలో పశువుల దారికి, నీటి దగ్గరికి వెళ్లే హక్కుకు, సాగు హక్కుతో పాటు గుర్తింపు ఇచ్చింది. ఘనాలో 1996 కుమాసి ఒప్పందం తర్వాత ఉత్తర ప్రాంతంలో కొంకొంబాలతో అంతటి యుద్ధం మళ్లీ రాలేదు.

వీటికి పైనుంచి చట్టం తోడు కావాలి. కెన్యా 2010 రాజ్యాంగం ఆ పని మొదలుపెట్టింది. చారిత్రక భూ అన్యాయాలను విచారించే అధికారం జాతీయ భూ కమిషన్‌కు ఇచ్చింది. ఫిర్యాదులకు మొదట పెట్టిన ఐదేళ్ల గడువు 2021లో ముగిసింది. 2004లో ఎన్‌డుంగు కమిషన్ అక్రమంగా ఇచ్చినట్టు తేల్చిన సుమారు 2 లక్షల పట్టాల్లో చాలావరకు ఇంకా చెల్లుబాటవుతున్నాయి. వాటిలో చాలా నాయకుల, వాళ్ల బంధువుల చేతుల్లో ఉండటం ఆలస్యానికి ఒక కారణం. అక్రమంగా పోయిన ఆ ప్రభుత్వ భూములను వెనక్కి తీసుకుంటే, నిర్వాసితులకు ఇవ్వడానికి ఎవరినీ తరమాల్సిన అవసరం ఉండదు. ఫిర్యాదుల విచారణ ఆగకుండా సాగాలి. మిటెయిటెయ్‌లాంటి ఉమ్మడి ఫారాల్లో ఏ కుటుంబం ఏ రసీదుతో ఏ చెక్కలో ఉందో ఊరి సభలో చదివి వినిపించి, అభ్యంతరాలు రాసుకుని, పట్టాలు చేతికివ్వాలి. కెన్యాలో తదుపరి సార్వత్రిక ఎన్నికలు 2027 ఆగస్టులో. సర్వేయర్లు రిఫ్ట్ లోయ ఊళ్లలోకి ప్రచార వాహనాల కంటే ముందే వెళ్లాలి.